మడుగులో మిగిలిన విత్తనం

సాగర్ కాలువకి నీళ్లు కట్టేశారన్న కబురు మా శావల్యాపురం చుట్టుపక్కల ముందుగా చేరేది రైతుకి. ఆ వెంటనే చేరేది గాలం వేసేవాళ్లకి. వరి కోతలైపోయి, మిరపకాయలు కళ్లాల్లోంచి గుంటూరు యార్డుకి వెళ్లిపోయి, పొలం పనులు పలచబడే రోజులవి. టీ బంకు దగ్గర మాటలు కూడా మారతాయి. ఏ డ్రాపు కింద నీళ్లు నిలిచాయి, ఏ కుంటలో జమ్ము ఒడ్డున పడింది, ఏ చెరువులో పాటదారుడు ఇంకా వల దించలేదు, ఇవే ముచ్చట్లు. రాజకీయాలు కాస్త పక్కకి జరుగుతాయి. పల్నాట్లో అది చిన్న విషయమేమీ కాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రాష్ట్రంలో ఎండ ఎక్కడ మండిపోతోందని టీవీలో చెప్పేటప్పుడు తరచూ వినబడే రెంటచింతల మా జిల్లాలోనిదే. మా మండలానికి ఆ పేరు రాలేదు గానీ ఎండ వాటా మాత్రం తగ్గలేదు. కాబట్టి వేసవి గాలానికి వేళలు రెండే. చీకటితో లేచి వెళ్లి పొద్దెక్కేలోపు ఇంటికి రావాలి, లేదంటే పొద్దు వాలాక వెళ్లి కళ్లు కనబడేంతవరకు కూర్చోవాలి. నడుమ గట్టు మీద మిగిలేది గేదెలూ, వాటిని కాసేవాళ్లే.

గట్టు మీద చేరేవాళ్లని చూస్తే ఊరు మొత్తం కనబడుతుంది. సెలవులకొచ్చిన ఇంజనీరింగ్ కుర్రాళ్లు, హైదరాబాదు కంపెనీ పనిని లాప్‌టాప్‌లో ఇంటికి తెచ్చుకున్నవాళ్లు, ఆ రోజు కూలి దొరకని వాళ్లు, రిటైరైన మాస్టార్లు, పేపరులో కాలమ్ రాసుకునే నాలాంటి వాళ్లు. ఊళ్లో ఎవరి అరుగు వాళ్లదే. ఇక్కడ మాత్రం నీడ ఎటుంటే అటు కూర్చోవడమే. ఇంట్లో ఆడవాళ్ల అభిప్రాయం వేరు. "తెచ్చే నాలుగు చేపలకి ఇంత ఎండ తాగాలా? సంతలో కొంటే ముక్కలు కూడా కోసిస్తాడు" అంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పైగా కొర్రమీను ఒళ్లంతా జిగురు. బూడిదో గళ్లుప్పో వేసి బండ మీద రుద్ది రుద్ది కడగాల్సింది వాళ్లే. కానీ అదే చేపని మామిడికాయ ముక్కలేసి పులుసు పెడితే మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఎవరూ వద్దనరు.

మా వైపు నీళ్లన్నీ ఒక తీరువి కావు. మంచినీళ్ల చెరువు జోలికి అసలు పోకూడదు. వేసవి దాహానికని కాలువలోకి ప్రత్యేకంగా వదిలిన నీళ్లతో నింపుకునే చెరువది. కంచె ఉన్నా లేకున్నా, దాని ఒడ్డున కూర్చుని ఎర పిండి పిసికేవాణ్ని ఊరు మరిచిపోదు. రెండోది పాట పెట్టిన చెరువు. అందులోని చేప మీద డబ్బు కట్టినవాడికి హక్కుంది. అతన్ని అడగకుండా గాలం వేస్తే దొంగతనం కిందే లెక్క. మూడోది ఎవరి పాటా లేని నీళ్లు: పొలాల మధ్య కుంటలు, వాగు మడుగులు, కాలువ డ్రాపుల కింద గుంటలు.

డ్రాపు సంగతి పల్నాడు దాటినవాళ్లకి కొంచెం చెప్పాలి. నేల వాలు ఎక్కువున్న చోట కాలువ నీళ్లని మెట్టు మీంచి దూకించినట్టు కిందికి దించుతారు. ఆ కట్టడాన్నే డ్రాపు అంటాం. నెలల తరబడి నీళ్లు దూకి దూకి దాని కింద నేలని తొలిచేస్తాయి. కాలువ ఆగిపోయాక పైనా కిందా కంకర తేలినా ఆ గుంటలో మాత్రం నడుంలోతు నీళ్లు ఉంటాయి. పొడుగునా ఉన్న చేపలు తగ్గే నీటితోపాటు దిగి దిగి అక్కడ చేరతాయి. మొదటి రెండు మూడు రోజులు పాత చీరలు, దోమతెరలు పట్టుకుని పిల్లా పెద్దా అందులోకి దిగుతారు. పరిగెలు, జెల్లలు, చిన్నా పెద్దా రాగండ్లు ఊడ్చుకుపోతాయి. గాలం వేసేవాడు ఆ హడావుడిలో ఉండడు. అంతా అయ్యాక, నీళ్లు తేటపడ్డాక వెళతాడు. అప్పటికి ఆ గుంటలో మిగిలేవి బురదలోకి దూరగల మొండి చేపలే.

ఈ కాలువ రాకముందు మా తాతల గాలం వానచెరువులకీ గుండ్లకమ్మకీ పరిమితం. నల్లమలలో పుట్టి, కంభం చెరువుని నింపి, వినుకొండ పక్కగా వచ్చి, అద్దంకి మీదుగా సముద్రం దారి పట్టే ఏరది. వేసవిలో ఇసుక మధ్య అక్కడక్కడా మడుగులుగా మిగులుతుంది. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న, కాలువలకి ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ తర్వాతే కృష్ణ నీళ్లతోపాటు కృష్ణ చేపలు కూడా మా మెట్టకి దిగాయి. కుడికాలువ మాకు వరితోపాటు గాలాన్నీ ఇచ్చిందని ఏ శిలాఫలకం మీదా రాయలేదు.

ఇక క్వారీ గుంతలున్నాయి. రాయి తీసి వదిలేసిన చోట నీళ్లు చేరి లోతు తెలియకుండా ఉంటాయి. ఒడ్డు నిలువుగా ఉంటుంది, కాలు జారితే పట్టుకోడానికి గడ్డిపోచ దొరకదు. ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట పిల్లలు మునిగిపోయారన్న వార్త పేపర్లో వస్తూనే ఉంది. అక్కడ చేప ఎంత పెద్దదైనా నేను వెళ్లను, ఎవరినీ వెళ్లమనను.

వేసవి గాలానికి అసలు చేప కొర్రమీను. దానికి కారణం నీళ్లలోనే ఉంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. పగలు నాచూ మొక్కలూ కొంత తయారుచేసి ఇస్తాయి గానీ రాత్రంతా అవి కూడా పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున చెరువులో ఊపిరికి కరువు. బొచ్చెలూ రాగండ్లూ పైకి తేలి నోళ్లు తెరిచి తిరుగుతుంటే కొత్తగా వచ్చినవాడు ఆకలి మీదున్నాయనుకుని సంబరపడతాడు. అది ఆకలి కాదు, ఆయాసం. అప్పుడు తవుడు ముద్ద వేసినా, వేరుశనగ చెక్క వేసినా అవి ముట్టవు.

కొర్రమీనుకి ఆ బాధ లేదు. మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి దానికి విడిగా ఉంది. కాసేపటికోసారి పైకొచ్చి గుటకేసి మళ్లీ అడుక్కి పోతుంది. పైకి రానీయకుండా వలలో అడుగున బిగిస్తే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. కుంట ఎండిపోతున్నా కంగారుపడదు. బురదలో చెమ్మ ఉన్నంతకాలం అందులోనే ఒదిగి ఉంటుంది. మిగతా చేపలన్నీ డీలాపడ్డ వేళ అది చురుగ్గా ఉంటుంది, కప్పకోసం, చిన్న చేపకోసం తుంగ మొదట్లో కాపు కాస్తుంది. కానీ దాని బలమే దాని గుట్టు కూడా బయటపెడుతుంది. ఊపిరికోసం పైకి రాక తప్పదు కదా!

గాలంలో నాకు నాలుగు మాటలు తెలిశాయంటే మా వీధి బాబాయ్ చలవే. వరసకి బాబాయ్. చదువు లేదు, చెరువు తెలుసు. గట్టెక్కగానే గాలం విసరబోయే కుర్రాళ్లని చూస్తే ఆయనకి ఒళ్లు మంట.

"ముందు కూర్చోండ్రా అబ్బాయ్! అది ఎక్కడ గుటకేస్తందో చూసుకోండి. రెండోసారీ ఆ దరిదాపుల్లోనే లేస్తది. అప్పుడు ఎయ్యండి."

కూర్చుని చూస్తే నిజంగానే కనబడుతుంది. నీటి మీద చేతి వెడల్పు సుడి ఒకటి తిరిగి చెదిరిపోతుంది. దాని వెనక రెండు మూడు బుడగలు తేలతాయి. బుడగలు ఎటు జరిగితే చేప అటు పోయినట్టు. ఇది తెలిసినవాడు పది చోట్ల గాలం వేయడు, ఒకచోటే వేస్తాడు.

పరిగెలకీ, తిలాపియాకీ వాడే సరంజామా అందరూ ఎరిగిందే. వెదురు గడ, సన్న తంగూసు, జొన్న బెండు, ఇంత సీసం ముక్క, చిన్న గాలం, తడిమట్టి తవ్వి తీసిన ఎర్రలు. కొర్రమీనుకి బెండూ సీసమూ పనికిరావు. తంగూసు లావుగా ఉండాలి, ఎర నీటి మీదే ఆడాలి. పాత పద్ధతిలో బతికున్న కప్పని వీపు దగ్గర గుచ్చి తుంగ పక్కన వదిలేవాళ్లు. ఆ కప్ప తన్నుకుంటుంటే చూడడం నాకెప్పుడూ నచ్చేది కాదు. పైగా వరి మళ్లలో పురుగుని తినేది ఆ కప్పే. కాళ్లకోసం కప్పల్ని పట్టి విదేశాలకి పంపే వ్యాపారాన్ని దేశం 1987లో నిషేధించింది. కప్ప తగ్గితే పురుగుమందు ఖర్చు పెరుగుతుందని రైతుకి ఒకరు చెప్పాలా!

నాలుగేళ్ల కిందట ఆ కప్ప స్థానంలోకి రబ్బరు కప్ప వచ్చింది. మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. "మావయ్యా, ఒకసారి చేత్తో నొక్కి చూడు" అని నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలంత ఉంది. పైన ఆకుపచ్చ చుక్కలు, కింద తెల్లటి పొట్ట, వెనక కాళ్ల బదులు రబ్బరు కుచ్చులు. లోపలంతా బోలు. రెండు కొక్కేలు పొట్ట కిందనుంచి వచ్చి, మొనలు పైకి తిరిగి, వీపుకి ఆనుకుని దాక్కున్నాయి. అందుకే తామరాకు మీద లాగినా, గుర్రపుడెక్కలోంచి లాగినా ఎక్కడా తట్టుకోదు. వేళ్లతో నొక్కితే మాత్రం రబ్బరు అణిగిపోయి రెండు మొనలూ ఒక్కసారిగా బయటపడ్డాయి. చేప నోరు చేసేదీ ఆ పనే.

దాన్ని ఆకు మీదికి విసరాలి, నీళ్లలోకి కాదు. ఆకు మీంచి నెమ్మదిగా లాక్కొచ్చి, ఆకుల మధ్య ఖాళీ రాగానే నీళ్లలోకి జారనివ్వాలి. రెండుసార్లు కదిలించి ఆపేయాలి. ఆ ఆపడంలోనే ఉంది పనంతా. చాలామంది ఆపలేరు, కదిలిస్తూనే ఉంటారు. ఖాళీలో కప్ప ఊరికే నిలబడి ఉండగా కింద నీడ కదులుతుంది, ఆకు అంచు వణుకుతుంది, టప్పుమని చప్పుడు, కప్ప మాయం. ఆ క్షణంలో చెయ్యి తనంతట తనే గుంజేస్తుంది. గుంజితే కప్ప ఒక్కటే ఎగిరొచ్చి మొహం మీద పడుతుంది.

"ఆగు, ఆగు! నోట్లో పెట్టుకుందంతే, ఇంకా మూయలా" అని బాబాయ్ అరుపు. తంగూసు బిగిసి ఒక పక్కకి నడవడం మొదలయ్యాక అప్పుడు గట్టిగా ఒక్క గుంజు. ఆ తర్వాత దానికి తుంగలోకి దూరే సందివ్వకూడదు. రాడ్డున్నా వెదురు గడున్నా ఇక్కడ తేడా లేదు. రబ్బరు కప్పని చూసి బాబాయ్ మొదట నవ్వాడు గానీ, పని చూశాక మాత్రం "నాకూ ఒకటి తెప్పించరా" అన్నాడు.

ఈ బోలు రబ్బరు కప్ప మనకోసం పుట్టింది కాదు. అమెరికా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకోసం చేసింది. అదీ మన కొర్రమీను లాగే నాచు చాటున కాపేసి నోరంతా తెరిచి మింగే రకం. డాలస్‌లో స్థిరపడిన మావాళ్ల పిల్లలు వేసవి వస్తే బాస్ వేటకి చెరువుల వెంట తిరుగుతారు. అక్కడ గాలం వేయాలంటే ముందు లైసెన్సు కొనుక్కోవాలి. టెక్సస్‌లో బాస్ చేపకి పేరుపడ్డ లేక్ ఫోర్క్ అనే పెద్ద చెరువులో ఇంకో నియమముంది. 16 అంగుళాల లోపు చేపని ఇంటికి తీసుకెళ్లొచ్చు. 24 అంగుళాలు దాటినవి రోజుకి ఒకటే. ఆ రెంటి మధ్యవన్నీ అక్కడికక్కడే నీళ్లలోకి వదిలేయాలి. పిల్లల్ని కని చెరువుని నిలబెట్టే ఈడు చేపలవి. మొదటిసారి విన్నప్పుడు మా గట్టు మీద అందరూ నవ్వారు. పట్టిన చేపని వదలడమేమిటని ఒకాయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

అలాగని అమెరికావాళ్లంతా పట్టి వదిలేసేవాళ్లని అనుకోనక్కర్లేదు. బాస్ చేపల్లో ప్రపంచ రికార్డు 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే 20 ఏళ్ల పేద రైతు పట్టిన చేపది. 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైచిలుకు. పనుల్లేని గడ్డుకాలమది. తూకం వేయించి, ఇంటికి తెచ్చి, కుటుంబమంతా వండుకు తిన్నారు. 77 ఏళ్ల తర్వాత, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా పట్టిన చేప ఆ రికార్డుతో సమానమైంది తప్ప దాన్ని పక్కకి నెట్టలేదు. పెర్రీ గాలం వేసిన తేదీ మన పంచాంగంలో రోహిణి కార్తెలోది. ఆ పేద రైతు మా గట్టు మీద కూర్చున్నా ఎవరూ కొత్తవాడనుకోరు.

ఇంకో తమాషా ఉంది. మన కొర్రమీనుకి చైనా వైపు దాయాది ఒకటుంది. అది 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో బయటపడింది. బాస్ చేపల్నీ, మిగతా చేపల్నీ మింగేస్తుందన్న భయంతో చెరువులో మందు కలిపి మరీ చంపారు. పట్టుకుంటే వదలొద్దు, చంపేయండని అక్కడ ప్రచారం చేశారు. అదే కుటుంబంలోని మన కొర్రమీను తెలంగాణకి రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తినివారు ఇచ్చే చేప మందు గొంతులోకి దిగేది కూడా కొర్రమీను పిల్లతోనే.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న ఎదురవుతుంది. మా చెరువులో కొర్రమీను ఎవరిది?

బొచ్చె, రాగండి, మోసు సంగతిలో అనుమానం లేదు. అవి పాటదారుడివే. ఎందుకంటే అవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వరదొచ్చిన ఏటిలోనే పెడతాయి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన తోటివాళ్లు చేపకి సూది మందిచ్చి గుడ్లు పెట్టించడం సాధించాకే చెరువు చేపల పెంపకం ఈ స్థాయికి వచ్చింది. ఏటా జూలై 10న చేప రైతుల దినోత్సవం జరిపేది అందుకే. అలా పుట్టించిన చేపపిల్లల్ని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చి చెరువులో వదులుతాడు పాటదారుడు. పెట్టుబడి అతనిది, పంట అతనిది.

కొర్రమీనుని ఎవరూ సంచిలో తేలేదు. హేచరీల్లో ఇప్పుడు దాని పిల్లల్నీ తీస్తున్నారు గానీ మా కుంటల్లో తిరిగేది తనంతట తాను పుట్టిందే. పాటదారుడి దృష్టిలో అది తన పిల్లల్ని తినే దొంగ. అందుకే బొచ్చెల మీదికి గాలం తేవొద్దనే మనిషే "కొర్రమీను పడితే పట్టుకోండయ్యా, పీడ పోతది" అంటాడు. చివర్లో వల దించినప్పుడు మాత్రం అన్నిటికంటే ఎక్కువ ధర పలికేది అదే కాబట్టి ముందు దాన్నే ఏరి పక్కన పెట్టుకుంటాడు.

మే నెలాఖరుకి చెరువు తూము పక్కన గొయ్యిలో మిగిలిన నీళ్లని చూడండి. బొచ్చె మొత్తం పట్టుకుపోయినా వచ్చే ఏడు కొత్త సంచులొస్తాయి. ఆ గొయ్యి బురదలో ఉన్న కొర్రమీను పోతే దాని బదులు వచ్చేది లేదు. మా పల్నాటి రైతు ఎంత కరువొచ్చినా వేరుశనగ విత్తనం మూట విప్పి వేయించుకు తినడు. ఎండాకాలపు మడుగులో మిగిలిన చేప ఆ మూటలాంటిది. వేసవి గాలం సులువుగా ఉండడానికి కారణం మన నేర్పు అనుకుంటాం. నీళ్లు తగ్గాయి, చేపకి దాక్కునే చోటు తగ్గింది, అంతే. సులువుగా దొరికే కాలంలోనే చేయి కట్టుకోవాలి.

మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. కొత్త నీరు చేరిన కుంటలో తుంగ పక్కన నీటి మీద ఎర్రటి మరక ఒకటి తేలుతూ కనబడుతుంది. దగ్గరికెళితే అది మరక కాదు, వేలెడంత కూడా లేని కొర్రమీను పిల్లల మంద. అన్నీ కలిసి పైకొస్తాయి, గాలి గుటకేసి అన్నీ కలిసి మునుగుతాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా. ఆ మంద మధ్యలోకి కప్పని విసిరితే పెద్ద చేప ఆకలి లేకున్నా కొట్టి తీరుతుంది, పిల్లలమీదికి శత్రువొచ్చిందని. గాలంలో అంతకంటే సులువైన వేట లేదు. కాపలా పోయాక ఆ పిల్లల్ని జెల్లలూ, కొంగలూ, నీటిపాములూ ఎంతసేపట్లో ముగిస్తాయో చూసినవాళ్లకి తెలుసు. "పిల్లలున్నదాని జోలికి పోబాక" అన్నది బాబాయ్‌కి వాళ్ల నాన్న చెప్పిన మాటట. లేక్ ఫోర్క్ అంగుళాల లెక్కా ఇదే చెబుతోంది. మనకి టేపు లేదు, మాట ఉంది.

మాట ఒక్కటే చాలదని కూడా తెలుస్తూనే ఉంది. నీళ్లలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపల్ని చంపడం నేరమని 1897 నాటి మత్స్య చట్టమే చెప్పింది. ఇప్పుడు రాత్రిపూట మోటారు తీగ తగిలించి మడుగుకి కరెంటు పెట్టేవాళ్లు తయారయ్యారు. చిన్నదీ పెద్దదీ, కప్పా పీతా అన్నీ తేలిపోతాయి. పట్టేవాడి ప్రాణానికీ భరోసా లేదు. వాళ్ల పక్కన పెడితే గాలం వేసేవాడు పాపం సాధువే. అంతమాత్రాన మన వంతు లెక్క మాఫీ కాదు.

అందుకని నాదొక కోరిక. చెరువు పాట పెట్టేటప్పుడు కాగితంలో ఎన్నో షరతులు రాస్తారు. డబ్బు ఎన్ని వాయిదాల్లో కట్టాలో, గట్టు తెగితే ఎవరు వేయించాలో అన్నీ ఉంటాయి. ఇంకొక్కటి చేర్చండి: తూము పక్క గొయ్యిని వేసవిలో మోటారు పెట్టి తోడకూడదు, మృగశిర దాటి పిల్లలు పెద్దయ్యేదాకా అందులో వల దించకూడదు. పాటదారుడికి దీనివల్ల తగ్గేది ఒకటి రెండు బుట్టలు. చెరువుకి మిగిలేది వచ్చే ఏటి కొర్రమీను. ఆ గొయ్యిలో గాలం కూడా వేయకూడదని రాయండి. గాలం వేసేవాళ్ల తరఫున మొదటి సంతకం నేను పెడతాను. రెండోది బాబాయ్ వేలిముద్ర.